తొంభై ఒకటి పాయింట్ నాలుగు

ఇరవై తొమ్మిదేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని రిటైరైన దాన్ని. అన్నేళ్ళలో నేను మరిచిపోలేని పూట ఒక్కటే ఉంది. డేటాబేసులతో పనిచేస్తున్న మీ తరం వాళ్ళకు పనికొస్తుందని దాని గురించి రాస్తున్నాను. పనికిరాకపోతే, నా అంత అనుభవం ఉన్న మనిషి ఎంత చిన్న చోట కాలు జారిందో చూసి నవ్వుకోండి. నేనూ ఇప్పుడు నవ్వుకోగలుగుతున్నాను.

రెండువేల దశకం మొదటి ఏళ్ళు. అప్పటికింకా అందరం పాండిచ్చేరి అనే అనేవాళ్ళం. ఊళ్ళోని కొన్ని ప్రైవేటు కళాశాలలు కలిసి ప్రవేశాల కోసం ఒక ఉమ్మడి ఆఫీసు పెట్టుకున్నాయి. ఫిజియోథెరపీ, నర్సింగ్, ఫార్మసీ సీట్లన్నీ అక్కడినుంచే ఇచ్చేవారు. గోరిమేడు వెళ్ళే దారిలో, ఒకప్పుడు ట్యుటోరియల్ కాలేజీ నడిచిన మేడ అది. కింద మా ఆఫీసు, పైన పాత నల్లబల్లతో సహా ఒక పెద్ద హాలు. డేటాబేసు బాధ్యత నాది. నేను పుట్టి పెరిగింది యానాం. పెళ్ళయ్యాక పాండిచ్చేరి ఇందిరా నగర్‌లో కాపురం.

పిల్లల మార్కుల ప్రకారం ర్యాంకులు వెయ్యడం మా పని. వినడానికి సులువే. కానీ ఇక్కడి పిల్లలు తమిళనాడు పద్ధతిలో చదువుతారు, ఒక్కో సబ్జెక్టుకు రెండు వందల మార్కులు. యానాం పిల్లలు ఆంధ్రా ఇంటర్మీడియట్, ఫిజిక్సుకూ కెమిస్ట్రీకీ నూట యాభై చొప్పున, బాటనీ జువాలజీ కలిపితే మూడు వందలు. మరికొందరికి వంద. వీళ్ళందరినీ ఒకే కొలతకు తేవాలి కాబట్టి బయాలజీని నలభైకి, ఫిజిక్సును ముప్పైకి, కెమిస్ట్రీని ముప్పైకి కుదించి కూడేవాళ్ళం. మొత్తం వందకు. ఇద్దరికి మొత్తం సమానమైతే వయసులో పెద్దవాళ్ళు ముందు. ఆ నిబంధన దరఖాస్తు పుస్తకంలోనే అచ్చయి ఉంది.

ఆ ఏడు కొత్త డేటాబేసు నేనే కట్టాను. మొత్తం మార్కులు నిలవ చేసే గడికి ఏ రకం అంకె పెట్టాలని కంప్యూటర్ అడిగితే, దశాంశాలు వస్తాయి కదా అని ఫ్లోట్ అని పెట్టాను. రెండో ఆలోచన లేదు. పక్క బల్ల దగ్గర కూర్చునే నా సహోద్యోగి, మాహే నుంచి వచ్చిన మలయాళీ, రిపోర్టులు రాసేవాడు. ప్రతి చిన్నదానికీ నాతో వాదించే మనిషి ఆ ఒక్క విషయంలో వాదించలేదు. అందుకు అతన్ని ఇప్పటికీ దెప్పుతుంటాను.

శుక్రవారం ర్యాంకుల జాబితా గోడకు అంటించాం. సోమవారం పదింటికి పైన హాల్లో సీట్ల పంపకం. శనివారం పొద్దున్న కౌంటర్ దగ్గరికి ఒక రైతు వచ్చాడు. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా. వెనకాల కూతురు, చేతిలో ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లు. వాళ్ళది పాండిచ్చేరి పక్కనే మూలకుళం. తరాలనాడు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, రాయడం చదవడం తమిళం. నేను ఎవరితోనో ఫోనులో తెలుగులో మాట్లాడటం విని, తమిళం మానేసి తెలుగులోకి దిగాడు.

"అమ్మా, ఒక సంగతి అడగల్ల. మా బిడ్డ యాభై తొమ్మిదో నంబరు. దాని పైన యాభై ఎనిమిదిలో ఒక బిడ్డ ఉండాది. ఇద్దురికీ తొంభై ఒకటి పాయింట్ నాలుగే. మా బిడ్డ పందొమ్మిది దినాలు పెద్దది. మరి ఎట్ల కింద పడింది?"

నేను జాబితా చూశాను. 91.40, 91.40. పుట్టిన తేదీలు చూశాను. ఆయన చెప్పింది నిజమే. అక్కడే ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. ఆ పొద్దున్న అరవయ్యో ఫిర్యాదు అది. కొడుకు పేరులో అక్షరం తప్పు, నాన్న ఇనీషియల్ తప్పు, ఫోటో తిరగబడింది. నేను అలవాటైన జవాబు చెప్పాను.

"అన్నా, జాబితాలో రెండు దశాంశాలే వేశాం. లోపల ఇంకా ఉంటాయి. అక్కడెక్కడో ఆ అమ్మాయికి ఎక్కువ వచ్చి ఉంటుంది. మనుషులు వేసిన లెక్క కాదిది, కంప్యూటర్ వేసింది."

"లోపల ఏంది ఉండాదమ్మా? మా బిడ్డ కణక్కు వేసింది. ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది, ఇరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది, ఇరవై ఐదు పాయింట్ ఎనిమిది. కూడితే తొంభై ఒకటి పాయింట్ నాలుగు. దాని తర్వాత ఏమీ లేదు."

కూతురు కాగితం ముందుకు జరిపింది. గుండ్రటి చేతిరాతలో లెక్క. తప్పు లేదు. నాకు చిరాకు వచ్చింది. లెక్క తప్పుగా ఉంటే రాని రకం చిరాకు అది.

"సోమవారం రండి. అభ్యంతరం ఉంటే రాసివ్వండి" అన్నాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ మెల్లగా అడిగాడు. "మీరు యానామామ్మా?"

"అవును."

"ఆ పై బిడ్డ కూడా యానామే" అన్నాడు. అంతే. నిందించినట్టు లేదు, అరవలేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగిపోయాడు.

ఆ మాట నన్ను తిననివ్వలేదు. ఆదివారం ఆఫీసుకు తాళం. ఇంట్లో పప్పు తాలింపు పెడుతూ పొయ్యి పక్కన పాత క్యాలెండర్ వెనక, ఇంటికి తెచ్చుకున్న జాబితాలోని మార్కులతో లెక్క వేశాను. మూలకుళం అమ్మాయికి రెండేసి వందలకు నూట ఎనభై నాలుగు, నూట తొంభై రెండు, నూట డెబ్భై రెండు. యానాం అమ్మాయికి మూడు వందలకు రెండు వందల డెబ్భై ఆరు, నూట యాభైలకు నూట ముప్పై ఎనిమిది, నూట ముప్పై ఐదు. ఇద్దరికీ సరిగ్గా తొంభై ఒకటి పాయింట్ నాలుగు. వెనక తోక లేదు. మూడుసార్లు వేశాను. తాలింపు మాడింది.

సోమవారం ఏడింటికల్లా వాచ్‌మన్ చేత తలుపు తీయించాను. కంప్యూటర్ పెట్టి, మొత్తం 91.4 ఉన్నవాళ్ళందరినీ చూపించమని డేటాబేసును అడిగాను. రెండు వరుసలు రావాలి.

ఒక్కటే వచ్చింది. యానాం అమ్మాయి.

మూలకుళం అమ్మాయి లేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అడిగాను. ఒక్కటే. మరి ఆ పిల్ల మొత్తం ఎంత అని విడిగా అడిగితే, తెర మీద నిక్షేపంగా 91.4 అని చూపించింది. ఒక చోట 91.4 అంటుంది, ఇంకో చోట కాదంటుంది. కుర్చీ ముందుకు లాక్కున్నాను. నాకు కలిగింది భయమని ఇప్పుడు చెప్తే అబద్ధం. వేటకుక్కకు వాసన తగిలినప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలు. ఉన్న అంకెలన్నీ దాచకుండా చూపించమని రాసి మీట నొక్కాను.

యానాం అమ్మాయి: 91.4. మూలకుళం అమ్మాయి: 91.39999999999999.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పద్నాలుగో దశాంశ స్థానంలో ఒక పిల్ల వెనకబడింది.

ఎందుకో ఒక్క ముక్కలో చెప్తాను. మనం మూడో వంతును దశాంశాల్లో రాయాలంటే 0.333 అని ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. యంత్రం సున్నా, ఒకటి అనే రెండంకెలతోనే అన్నీ రాస్తుంది కనక, దానికి పదో వంతు కూడా అలాంటిదే, ఎక్కడో ఆపేస్తుంది. ఫ్లోట్ అంటే ఆ ఆపేసిన అంకె. మామూలుగా ఎవరికీ పట్టదు. కానీ ఇద్దరు పిల్లలు వేర్వేరు దారుల్లో ఒకే మొత్తానికి చేరినప్పుడు, ఒకరి చిల్లర ఇటు, ఇంకొకరి చిల్లర అటు రాలుతుంది. 'సమానమా' అని అడిగితే యంత్రం కాదంటుంది. సమానం కానప్పుడు వయసు నిబంధన దాకా పోనే పోదు. ఇద్దరిలో ఎవరు ముందో తేల్చింది నిబంధన కాదు, రాలిన చిల్లర.

వెంటనే జాబితా అంతా జల్లెడ పట్టాను. అలాంటి జంటలు పదకొండు తేలాయి. ఐదింటిలో చిన్నవాళ్ళు ముందున్నారు.

ఎనిమిదిన్నరకు సహోద్యోగి వచ్చాడు. తెర చూసి, టిఫిన్ డబ్బా పట్టుకునే నిలబడిపోయాడు. తర్వాత నవ్వాడు. "కనిపెట్టావు. ఇది ఎవరూ కనిపెట్టలేరు" అన్నాడు.

ఎవరూ కనిపెట్టలేరు. ఆ మాట ఒక ఐదు నిమిషాలు నా బల్ల మీద కూర్చుంది. ఆ గడి పెట్టింది నేను. ఆ ఇద్దరి వరుస మాత్రం చడీచప్పుడు లేకుండా మార్చేస్తే మూలకుళం రైతు సంతోషిస్తాడు, మిగతా నాలుగు జంటలకు తెలియనే తెలియదు. అలా అనుకున్నాను. తర్వాత, మరి ఆ నాలుగు జంటల సంగతేమిటి, దాచడం దేనికి, అనుకున్నాను. పైన హాల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు మొదలైంది. జనం వస్తున్నారు.

"రౌండ్ చేసేద్దాం. రెండు దశాంశాలకు. పది నిమిషాల పని" అన్నాడు సహోద్యోగి.

"ముందు సారుకు చెప్పాలి" అన్నాను.

మా డైరెక్టరు లెక్కల లెక్చరరుగా చేసి వచ్చిన పెద్దమనిషి, తమిళుడు. సన్నగా, పొడుగ్గా, ఎండాకాలంలో కూడా చేతిగుండీలు విప్పని మనిషి. ఆయన ముందు కాగితం పెట్టి, "సార్, జాబితా తప్పు. తప్పు నాది" అని చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"ఆ జాబితా మీద సంతకం ఎవరిదమ్మా?"

"మీది సార్."

"పైన ఎంతమంది?"

"మూడు వందల మంది ఉంటారు."

ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. మళ్ళీ కాగితం చూశారు. ఈసారి చూపు మారింది. కోపం పోయి, పరీక్ష పేపరులో కష్టమైన లెక్క కనబడిన కుర్రాడి మొహం వచ్చింది. "పాయింట్ మూడు, తర్వాత పదమూడు తొమ్మిదులు" అని గొణిగారు.

సహోద్యోగి రౌండ్ సంగతి చెప్పాడు. చేసి చూపించాడు కూడా. అవే పదకొండు జంటలు వచ్చాయి. "సరిపోయింది కదా సార్" అన్నాడు.

"ఈ ఏటికి సరిపోయింది" అన్నారు డైరెక్టరు. "రౌండ్ చేశామని చెప్తే జనానికి ఏమని వినబడుతుంది? మార్కు కోశారని. వేరు వేరు మొత్తాలను మీరు ఒకటి చెయ్యలేదని పైన ఉన్నవాళ్ళకు పెన్సిల్‌తో నిరూపించగలరా?"

ఆయన బల్ల మీది పెన్సిల్ తీశారు.

"అసలు భాగహారం ఎందుకు చేస్తున్నారు?" అన్నారాయన. "రెండు వందలు, నూట యాభై, మూడు వందలు, వంద. వీటికి కనిష్ఠ సామాన్య గుణిజం ఎంత?"

క.సా.గు. ఐదో తరగతో ఆరో తరగతో. నలభై మూడేళ్ళ వయసులో, డేటాబేసు నిర్వాహకురాలినై ఉండి, ఒకరు నన్ను క.సా.గు. అడిగితే వేళ్ళు లెక్కపెట్టుకున్నాను.

"ఆరు వందలు సార్."

"అందరినీ ఆరు వందలకు పెంచు. ఇక్కడి పిల్లల మార్కును మూడుతో, యానాం ఫిజిక్సు, కెమిస్ట్రీలను నాలుగుతో, బయాలజీని రెండుతో, వందవాళ్ళను ఆరుతో హెచ్చవెయ్యి. ఆపైన బయాలజీకి నాలుగు, మిగతా రెంటికీ మూడేసి. ఎక్కడా చుక్క రాదు. అన్నీ పూర్ణాంకాలు."

ఇంత సులువు. ఫ్లోటూ అక్కర్లేదు, రౌండూ అక్కర్లేదు. మొత్తం ఆరువేలకు ఎంత వచ్చిందో చూడటమే. నేనూ సహోద్యోగీ ఒకే కీబోర్డు మీద పడ్డాం. ఆ ఒక్కరోజే మేము వాదించుకోకుండా పనిచేసింది. అతను పాత మొత్తాలు పక్కన పెట్టి ప్రతి వరుసా పోల్చాడు, నేను కొత్త గడి పూర్ణాంకంగా కట్టాను. తొమ్మిదీ యాభైకి కొత్త జాబితా వచ్చింది. పదకొండు జంటలూ తేలాయి. వయసు నిబంధన ఆ ఏడు మొదటిసారి పనిచేసింది.

"ఇప్పుడు పైకి పదండి. మీరే చెప్పండి" అన్నారు డైరెక్టరు.

"నేనా సార్?"

"తమిళంలో, ఇంగ్లీషులో, తెలుగులో. మూడూ మీకే వచ్చు."

మైకు ముందు నిలబడ్డాను. శుక్రవారం అంటించిన జాబితాలో ఐదుచోట్ల వరుస తప్పిందనీ, జాబితా తప్పుగా కట్టింది నేనేననీ మూడు భాషల్లో చెప్పాను. తమిళంలో చెప్పినప్పుడు గుసగుసలు, ఇంగ్లీషులో చెప్పినప్పుడు గోల. తెలుగులోకి వచ్చేసరికి సగం మంది లేచి నిలబడ్డారు. ఎవరో డబ్బులు చేతులు మారాయన్నారు. ముందు వరుసలో ఒకాయన జాబితా చింపేశాడు.

డైరెక్టరు మైకు తీసుకోలేదు. నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీశారు. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది నంబర్ల మార్కులు పక్కపక్కన రాశారు. అవి జాబితాలో అందరూ చూసినవే. "కాగితం ఉన్నవాళ్ళు నాతో పాటు వెయ్యండి" అన్నారు తమిళంలో. ఇరవై ఏళ్ళు తరగతి గదిలో నిలబడిన గొంతు అది. గోల తగ్గింది. పెన్నులు బయటికొచ్చాయి.

హెచ్చవేశాక ఎడమవైపు, మూలకుళం అమ్మాయికి: రెండు వేల రెండు వందల ఎనిమిది, వెయ్యీ ఏడు వందల ఇరవై ఎనిమిది, వెయ్యీ అయిదు వందల నలభై ఎనిమిది. కుడివైపు, యానాం అమ్మాయికి: రెండు వేల రెండు వందల ఎనిమిది, వెయ్యీ ఆరు వందల యాభై ఆరు, వెయ్యీ ఆరు వందల ఇరవై. ఆయన కూడకముందే హాలు కూడేసింది. అక్కడో గొంతు, ఇక్కడో గొంతు, తమిళంలో, తెలుగులో, మలయాళంలో, అందరిదీ ఒకటే అంకె. అయిదు వేల నాలుగు వందల ఎనభై నాలుగు. ఎడమవైపూ అదే. కుడివైపూ అదే.

పెన్నులు ఆగాయి. నాకు గట్టిగా నవ్వాలనిపించింది, ఏడుపూ వచ్చింది. డేటాబేసు ఒప్పుకోని సమానత్వాన్ని మూడు వందల మంది కాగితాల మీద ఒప్పుకున్నారు. మిగతా జంటలను కూడా ఆయన బల్ల మీద ఒక్కొక్కటిగా తేల్చారు. చివరి జంట వచ్చేసరికి జనమే ముందు చెప్పేస్తున్నారు. పదకొండున్నరకు సీట్ల పంపకం మొదలైంది.

ఫిజియోథెరపీ చివరి సీటు కొత్త జాబితాలో యాభై ఎనిమిదో నంబరు దగ్గర అయిపోయింది.

మూలకుళం అమ్మాయి సంతకం పెట్టి వచ్చింది. వాళ్ళ నాన్న నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏదైనా అంటాడేమోనని సిద్ధంగా ఉన్నాను.

"ఆ యానాం బిడ్డకు యాడ వచ్చింది సీటు?" అని అడిగాడు.

"ఫార్మసీలో వచ్చింది అన్నా."

ఆయన తల ఊపాడు. "శనివారం నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

"మీరు అనకపోతే నేను చూసేదాన్ని కాదు" అన్నాను. అది మర్యాదకు అన్న మాట కాదు.

తర్వాత నాకు ఒక మెమో వచ్చింది. రావాల్సిందే. డైరెక్టరు దాని మీద సంతకం పెట్టి, నా చేతికిచ్చి, సంతోషం వచ్చినప్పుడు వాడే ఫ్రెంచి మాట ఒకటి అని, కాఫీ తెప్పించారు. ఆ రోజు నేర్చుకున్నది మీకు చెప్పాలంటే పెద్ద మాటలేమీ లేవు. అంకెల గడి కట్టేముందు ఆ అంకెను దేనితో పోలుస్తారో ఆలోచించండి. సమానమా అని అడగాల్సిన అంకె ఫ్లోట్‌లో ఉండకూడదు. ఇంకోటి. ఎదుటి మనిషి లెక్క సరిగ్గా ఉన్నప్పుడు మీకు చిరాకు వస్తే, ఆ చిరాకును నమ్మకండి. కాగితం ఇంకోసారి చూడండి.

సాయంత్రం నాలుగింటికి మెట్ల దగ్గర ఒకావిడ నా కోసం కాచుకుని ఉంది. యానాం అమ్మాయి తల్లి. నా ఈడుదే. రాత్రి బస్సుకు వెళ్ళాలి కాబోలు, సంచులు సర్దుకుని ఉన్నారు. అమ్మాయి గోడకానుకుని తలొంచుకుని నిలబడింది.

"మీరు మా ఊరేనంట కదండీ" అంది ఆవిడ.

"అవునండీ."

"మీరు పొద్దున్న ఏం మాట్లాడకుండా ఉంటే మా పిల్లకే వచ్చుండేది కదండీ."

అబద్ధం చెప్పడానికి మెట్ల మీద చోటు లేదు. "వచ్చుండేదండీ" అన్నాను.

ఆవిడ సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి చూసుకుంది. హాల్లో వేసుకున్న లెక్క. "నేను పదో తరగతితో ఆపేశానండీ. అయినా కూడాను. నాక్కూడా అదే వచ్చింది" అంది. కాగితం మళ్ళీ సంచిలో పెట్టింది. "మీరు ఊరొచ్చినప్పుడు జనం అంటారండీ, మన ఊరి పిల్ల సీటు మన ఊరి ఆవిడే తీసేసిందని. మీరేం జవాబు చెప్పకండి. నేను చెప్తాను. ఆ లెక్క నేను కూడా వేశానని చెప్తాను."

కూతురి సంచి ఒకటి తను తీసుకుంది. ఇద్దరూ మెట్లు దిగి, ఎండలోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత యానాం చాలాసార్లు వెళ్ళాను. ఆ సీటు సంగతి నన్ను ఒక్కరూ అడగలేదు.